పరుపుకు పురుగుల మందు కొట్టకండి

తిరుపతిలో అద్దె ఇంట్లో ఉంటున్నామని, తెల్లవారుజామున పాపకు వరసగా తుమ్ములు, ముక్కు దిబ్బడ అని, డాక్టరు డస్ట్ మైట్స్ (దుమ్ములో, పరుపుల్లో బతికే అతి చిన్న పురుగులు) వల్ల అన్నారని, పరుపుకు పురుగుల మందు కొట్టాలా అని అడిగారు. దయచేసి కొట్టకండమ్మా. రాత్రంతా పాప పీల్చేది ఆ గాలే.

ఈ మైట్స్ నల్లుల్లా కుట్టవు, కంటికీ కనబడవు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. అలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి మలం. అందుకే చంపితే సరిపోదు, ఉతికి వదిలించాలి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి. చల్లనీళ్లకు అవి చావవు. ఉతకలేని బొమ్మలను కవర్లో చుట్టి ఒక రోజంతా ఫ్రీజర్లో పెట్టి, తర్వాత బాగా దులపండి.

మన ఎండలు మంచి సాయమే. దూది పరుపును మేడ మీద రెండు వైపులా ఎండబెట్టి దులపండి, పాపను మాత్రం దగ్గరికి రానివ్వకండి. మందపాటి ఫోమ్ పరుపు లోపలికి ఎండ దిగదు. దానికి మైట్స్ దూరని జిప్ కవర్ కొనండి. మా అబ్బాయికి ఎక్కువ తేడా కనిపించింది దానితోనే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో గది చెమ్మెక్కుతుంది, అవి పెరిగేది అప్పుడే. తడి బట్టలు పడకగదిలో ఆరేయకండి. సోఫాకు వాక్యూమ్ పెట్టండి, నేల తడిగుడ్డతో తుడవండి. పాప ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.