హీటర్ గొట్టం కీళ్ల దగ్గర గాలి పోతుంటే

లంబసింగి ఘాట్‌లో హీటర్ తెరిచినా ముందు సీటుకు వెచ్చని గాలి రాలేదన్నారు. మీ పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యానులో గాలి పోయేది చాలావరకు వెనకే, ఇంజను పొగ వేడితో గాలిని వెచ్చబరిచే హీట్ ఎక్స్ఛేంజర్ నుంచి బండి కిందికి వెళ్లే ముడతల గొట్టం చివర్లలో.

1. ఇంజను చల్లారాక ఆ గొట్టం తీయండి. నొక్కితే చిట్లుతుంటే కొత్తది వేయండి.

2. చాలామంది వదిలేసే పని ఇదే. ఎక్స్ఛేంజర్ లోపల ఉన్నది పొగ గొట్టం. దానికి చిల్లుంటే, మీరు కీళ్లు ఎంత గట్టిగా బిగిస్తే అంత కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వ్యానులోకి వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. గొట్టం ఊడదీసిన నోట్లోకి టార్చి వేసి చూడండి. నల్లటి మసి కనిపిస్తే అక్కడే ఆగండి, ముందు ఎక్స్ఛేంజర్ మార్చాలి. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతారు, దయచేసి ఇది దాటేయకండి.

3. మసి లేకపోతే అంచు తుప్పును ఎమరీ కాగితంతో రుద్ది, వేడి తట్టుకునే సిలికాన్ పలుచగా రాసి, క్లిప్పు బిగించండి. గుడ్డ టేపు వద్దు. నేను చుట్టినది మంగళగిరి దాటేసరికే జిగురు కరిగి వేలాడింది.

క్లిప్పుల కోసం ఆటోనగర్ వెళ్లేటప్పుడు పాత గొట్టం ముక్క కొలతకు పట్టుకెళ్లండి.

4. సిలికాన్ ఆరాక ఆరుబయట ఇంజను నడిపి, కీలు పక్కన పలుచని కాగితం పట్టండి. అది కదలకపోతే చాలు.