న్యూకాసిల్ స్టాండ్‌లో నువ్వు వదిలేసింది

తల్లీ,

రగ్బీ లీగ్ ప్రపంచకప్ మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ పసిఫిక్ దీవుల దేశం సమోవాను 60–6తో ఓడించిన రోజు అభిమానుల గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి బాబాయ్‌గా చదివి మురిసిపోయాను. రెండోసారి పాత సబ్ ఎడిటర్‌గా పెన్సిల్ పట్టుకుని చదివాను. ఇప్పుడు మాట్లాడేది ఆ రెండోవాడు. కాస్త మనసు గట్టి చేసుకో.

"సొంతగడ్డపై ఇంగ్లండ్ ఘన విజయంతో అభిమానుల ఆనందానికి అవధుల్లేకుండా పోయాయి" అని మొదలుపెట్టావు. నిన్ను తిట్టే హక్కు నాకు లేదు, ఎందుకంటే ఇంతకంటే ఘోరమైనది నేనే రాశాను. 1999 నవంబర్ 8, హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియం, న్యూజిలాండ్‌తో వన్డే. సచిన్ 186 నాటౌట్, ద్రావిడ్ 153, ఇద్దరూ కలిసి 331 పరుగులు. ఆట గురించి రాయడానికి సీనియర్లున్నారు. నన్ను జనంలో కూర్చుని వాళ్ల సంబరం రాయమన్నారు. రాత్రి ఆఫీసుకొచ్చి "ప్రేక్షకులు ఆనందసాగరంలో మునిగిపోయారు" అని రాసిచ్చాను. డెస్క్ ఇన్‌చార్జి కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "ఎంతమంది మునిగారు? శవాలు దొరికాయా?" అన్నాడు. డెస్కంతా ఒకటే నవ్వు.

తర్వాత కింద టీ తాగుతూ ఆయనకు మాటల్లో ఒక సంగతి చెప్పాను. మా స్టాండ్ ముందు ఒక కానిస్టేబుల్‌కి డ్యూటీ పడింది. జనం వైపు మొహం పెట్టి కూర్చోవాలి, వెనక్కి తిరిగి ఆట చూడకూడదు. వీపు వెనక సచిన్ ఆడుతున్నాడు పాపం. గోల లేచినప్పుడల్లా ముందు వరసలో కూర్చున్న ఒక కుర్రాణ్ని "ఫోరా, సిక్సా?" అని కనుబొమలతో అడిగేవాడు. వాడు నాలుగు వేళ్లో, ఆరు వేళ్లో చూపించేవాడు. ఆ మనిషి ఆ ఇన్నింగ్స్ మొత్తం ఒక పిల్లాడి వేళ్ల మీద చూశాడు. డెస్క్ ఇన్‌చార్జి గ్లాసు కింద పెట్టి "ఇది రాయలేదేం రా?" అన్నాడు. అప్పటికే పేజీ ప్రింటింగ్‌కి వెళ్లిపోయింది.

నువ్వూ అదే చేశావు. 2022 అక్టోబర్ 15, శనివారం. మాకు రాత్రి పదిన్నర దాటాక న్యూకాసిల్ నుంచి లీడ్స్ వెళ్లే రైల్లోంచి ఫోన్ చేశావు, గుర్తుందా? గొంతు బొంగురుపోయి ఉంది. నీ పక్కసీటు పెద్దాయన గురించే పావుగంట చెప్పావు. ఎరుపు తెలుపు అడ్డచారల విగన్ క్లబ్ జెర్సీ, ఒళ్లో శాండ్‌విచ్ డబ్బా. ఇంగ్లండ్ ట్రై కొట్టినప్పుడల్లా, అంటే బంతిని అవతలి గీత దాటించి నేలకానించినప్పుడల్లా, తర్వాతి గోల్ కిక్కు కొట్టేవాడు టామీ మేకిన్సన్, సెయింట్ హెలెన్స్ క్లబ్ ఆటగాడు. విగన్‌కీ సెయింట్ హెలెన్స్‌కీ మధ్య వైరం తాతల నాటిది. ఏటా గుడ్ ఫ్రైడే నాడు తలపడతారు. పైగా ఆ సెప్టెంబర్‌లోనే సెయింట్ హెలెన్స్ వరసగా నాలుగో ఏడాది అక్కడి క్లబ్బుల పోటీ సూపర్ లీగ్ గెలిచింది. అలాంటి ఊరివాడికి ఈయన చప్పట్లు కొట్టాలి. మొదటి మూడు కిక్కులకు చేతులు డబ్బా మీంచి తియ్యలేదన్నావు. నాలుగోదానికి రెండు వేళ్లతో అరచేతి మీద కొట్టాడు, ఎవరూ చూడకుండా. ఏడోదానికి, స్కోరు 42 అయ్యేసరికి, లేచి నిలబడ్డాడు. ఫోన్లో విన్న నాకే ఒళ్లు పులకరించింది. మరి నీ వ్యాసంలో ఆ పెద్దాయనేడి? ఆయన్ని తీసేసి ఆ చోట "అవధుల్లేని ఆనందం" పెట్టావు.

అభిమానుల గురించి రాయడమంటే ఆనందం గురించి రాయడం అనుకుంటారు కొత్తవాళ్లు. నేను ఇన్నేళ్లలో తెలుసుకున్నది వేరు. గెలుపు తర్వాత కనిపించే మొహం, మ్యాచ్‌కి ముందున్న భయానికి జవాబు. ఆ భయం పాఠకుడికి తెలియకపోతే 60–6 అనేది ఉత్త అంకె. ఇంగ్లండ్ గెలిచింది, ఓహో, అనుకుని పేజీ తిప్పేస్తాడు.

మరి భయం ఎక్కడిది? నీకు తెలుసు, కానీ ఆరో పేరాలో మూలన పడేశావు. సరిగ్గా పదమూడు రోజుల ముందు, అక్టోబర్ 2న, ఆస్ట్రేలియా లీగ్ ఫైనల్లో పెన్రిత్ గెలిచింది. ఆ జట్టులోని లువాయ్, టోఓ, క్రైటన్, టాగో ఈ ప్రపంచకప్‌కి సమోవా తరఫున వచ్చారు. సమోవా కెప్టెన్ జూనియర్ పాలో ఆ ఫైనల్లో ఓడిన పారమాటా మనిషి. ఇంతమంది హేమాహేమీలను చూసి, మొదటి మ్యాచ్‌లోనే ఆతిథ్య జట్టు పరువు పోతుందని ఇంగ్లండ్ అభిమానులే గుసగుసలాడుకున్నారు. దానికి తోడు పాత దెబ్బలు. 2013 సెమీఫైనల్, వెంబ్లీ, ఇంకో ఇరవై సెకన్లు ఆగితే చాలు అనగా న్యూజిలాండ్ ట్రై కొట్టి 20–18తో లాగేసుకుంది. 2017 ఫైనల్, బ్రిస్బేన్, ఆస్ట్రేలియా చేతిలో 6–0. ఆ దేశం కప్పు చూసి, అదీ గ్రేట్ బ్రిటన్ పేరుతో, 1972 నుంచి అప్పటికి యాభై ఏళ్లయింది. వీళ్లకి ఆశ పెట్టుకోవడమంటేనే భయం.

అందుకే ఫస్టాఫ్ అయ్యేసరికి 18–6తో ముందున్నా స్టాండ్‌లో కుదురు లేదు. నువ్వే చెప్పావు, ఆ పెద్దాయన శాండ్‌విచ్ సగం తిని "ఇంకా నలభై నిమిషాలుంది" అని మూత పెట్టేశాడని. ఆ మూత చప్పుడు ఒక్కటి చాలు, నీ మొదటి పేజీ నిండిపోతుంది. సెకండాఫ్‌లో 42 పాయింట్లు వచ్చాక కూడా వాళ్లు చేసిన మొదటి పని గెలుపులో తప్పులు వెతకడం. సమోవా వాళ్లు కలిసి ఆడి ఎన్నాళ్లయిందని, ముందు వాళ్లని కుదురుకోనివ్వండి చూద్దామని. నువ్వు దీన్ని "అభిమానుల అసంతృప్తి" అని రాశావు. కాదు తల్లీ. మీ నాయనమ్మ నీ మార్కుల కాయితం చూసి "ఆఁ, ఏదో వచ్చాయిలే" అని చెంపల పక్కన మెటికలు విరిచేది, జ్ఞాపకముందా? ఇదీ అదే. దిష్టి అనే మాట వాళ్లకి లేదేమో గానీ దిష్టి భయం మాత్రం నిక్షేపంగా ఉంది.

ఇంకో సంగతి. "కిక్కిరిసిన సెయింట్ జేమ్స్ పార్క్" అన్నావు. వచ్చింది 43,199 మంది. ఆ స్టేడియంలో 52 వేల పైచిలుకు పడతారు. అంటే దాదాపు తొమ్మిది వేల కుర్చీలు ఖాళీ. వాటిని ఎందుకు దాచావు? టికెట్ల రేట్లు ఎక్కువన్న గొణుగుడు ఆ టోర్నీ పొడుగునా ఉంది. ఆరంభ వేడుకలో మీ లీడ్స్ వాళ్లే, కైజర్ చీఫ్స్ బృందం, పాడుతుంటే సౌండ్ సిస్టమ్ మొరాయించి కార్యక్రమం మధ్యలో ఆగిపోయింది. దాన్ని కూడా ఎగరగొట్టేశావు, పెళ్లి వీడియోలో కరెంటు పోయిన ముక్క కత్తిరించినట్టు. అక్కడ జనం నవ్విన నవ్వు చూశావా? మన ఆట పండగంటే ఏదో ఒకటి పాడవ్వకుండా ఉంటుందా అన్న నవ్వు. బయటివాళ్లు నవ్వితే కోపం, తాము నవ్వుకుంటే సరదా. ఆ నవ్వు దగ్గర మొదలుపెట్టి విగన్ పెద్దాయన లేచి నిలబడ్డ చోటికి తీసుకెళ్లు. మధ్యలో దారి దానంతటదే పడుతుంది.

చరిత్ర రెండు పేజీలు రాశావు. అయిదు వాక్యాలకి దించు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై రగ్బీ యూనియన్ నుంచి విడిపోయాయని రాశావు, మంచిదే. హోటల్లో ఎవరెవరున్నారో మనకక్కర్లేదు. ఎందుకు విడిపోయారో కావాలి. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆటకొస్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి ఇప్పించమన్నారు, పెద్దలు కుదరదన్నారు. "కూలి" అన్న మాట నీ రెండు పేజీల్లో ఎక్కడా లేదు, "ఆర్థిక పరిహారం" అని మాత్రం నాలుగుసార్లుంది. తెలుగువాడికి కూలి అంటే ఇంకేం వివరించక్కర్లేదు. ఆ కోపం నూట పాతికేళ్లు దాటినా చల్లారలేదు. పేపర్లు, టీవీలు ఆ పదిహేను మంది ఆట రగ్బీ యూనియన్‌నే నెత్తిన పెట్టుకుంటాయని, తమ పదమూడు మంది ఆట రగ్బీ లీగ్‌ని ఉత్తరాది మూలకి నెట్టేస్తాయని వాళ్ల ఉక్రోషం. ఈ టోర్నీలో పురుషులవి, మహిళలవి, వీల్‌చైర్‌వి కలిపి 61 మ్యాచ్‌లూ బీబీసీ చూపించింది. దేశమంతా చూస్తుండగా తల వంచుకోవాల్సి రాలేదన్న ఊరట ఆ సాయంత్రం చప్పట్లలో ఉంది.

కబడ్డీ పోలిక బాగుంది, ఉంచు. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ని ముగ్గురు నలుగురు కలిసి పట్టి పడెయ్యడం చూస్తే మనవాడెవడికైనా కబడ్డీయే గుర్తొస్తుంది. కానీ ఆ తర్వాత రైడర్ ఎవరు, బోనస్ లైన్ ఏది అని నాలుగు పేరాలు సాగదీశావు. పోలిక అగ్గిపుల్ల లాంటిది, వెలిగించి పారెయ్యాలి. ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివాళ్లకి, ట్రైకి నాలుగు, దాని తర్వాత కిక్కుకి రెండు. ఇంతే చెప్పు. పది ట్రైలు, పదికి పది కిక్కులు, మొత్తం 60 అని పాఠకుడు తనే లెక్కేసుకుంటాడు. లెక్క తనే వేసుకున్నవాడు నీ వెంటే ఉంటాడు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది ఒకటుంది. రెండో పేరాలోనే "పాపం, నాలుగు వారాల తర్వాత ఇదే సమోవా తమ కల చెరిపేస్తుందని ఆ రోజు వాళ్లకు తెలియదు" అన్నావు. పెళ్లి పందిట్లో నిలబడి విడాకుల కబురు చెప్పినట్టుంది. నవంబర్ 12న సెమీఫైనల్, లండన్ ఎమిరేట్స్ స్టేడియంలో, అదనపు సమయంలో, క్రైటన్ డ్రాప్ గోల్‌తో (బంతిని నేలకి తాకించి తన్నే గోల్) సమోవా 27–26. నాకూ తెలుసు, ఆట తెలిసినవాళ్లందరికీ తెలుసు. తెలిసినవాడు ఆ బరువు తనే మోసుకుంటూ చదువుతాడు, వాడి గొంతు వాడే పట్టేసుకుంటాడు. నువ్వు చెప్పేస్తే వాడికి చెయ్యడానికి పనేం మిగిలింది? తెలియనివాడికైతే ఆ శనివారాన్నే పాడుచేశావు. నవంబర్‌ని తీసుకొచ్చి అక్టోబర్‌లో పెట్టకు. తర్వాత తెలిసింది ముందే చెప్పెయ్యాలన్న దురద మా తరానికీ ఉంది, ఒప్పుకుంటాను. నేనైతే ఈ వ్యాసంలో సెమీఫైనల్ మాటే ఎత్తను.

సమోవా వాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లు వరసగా నిలబడి సివా టావు, అంటే వాళ్ల యుద్ధ నృత్యం, చేస్తుంటే రెండు వరసల కింద జెండా కప్పుకున్న తల్లి, పక్కన ఇద్దరు పిల్లలు కూడా లేచి అరిచారని ఫోన్లో చెప్పావు. సుమారు రెండు లక్షల జనాభా ఉన్న దేశం. అంతకంటే ఎక్కువమంది న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో ఉంటారు. ఆ ఆటగాళ్లలో చాలామంది అక్కడ పుట్టి పెరిగినవాళ్లే. పుట్టింది ఒకచోట, "మా ఊరు" అనేది ఇంకోచోట. ఆ బాధ లీడ్స్ హాస్టల్ గదిలో గోంగూర పచ్చడి సీసా అడుగు గీకిన నీకు తెలియదా? చివరికి ఆ పిల్లలు జెండా మడిచారా, భుజాలమీదే ఉంచుకున్నారా? ఓడినవాళ్ల దగ్గర రెండు నిమిషాలు నిలబడితే గెలిచినవాళ్ల గురించి ఇంకా బాగా రాస్తావు.

భాష గురించి పెద్దగా చెప్పేదేం లేదు. "ఉద్విగ్నభరిత వాతావరణం" తీసేసి టెన్షన్ అని రాయి, అక్కడ అందరూ పడింది అదే.

మళ్లీ రాసి పంపు, తొందరేం లేదు. నాన్నకి నా మాటగా చెప్పు, మోకాలు నొప్పికి వాకింగ్ మానెయ్యొద్దని.

ఆ రోజు నీ ఫోను యార్క్ దగ్గర కట్ అయిపోయింది. నువ్వు ఏడో కిక్కు వరకే చెప్పావు. మేకిన్సన్ ఇంకా మూడు కొట్టాడు. పదోదానికి ఆ విగన్ పెద్దాయన ఏం చేశాడే?

ఆశీస్సులతో,
నీ బాబాయ్