అంతర్జాతీయ ఒప్పందాలు పిల్లల ఒంట్లో విషాన్ని తగ్గించాయా? ఒక పిల్లల డాక్టరు జవాబు

మీరు అడిగింది ఇది: పిల్లల్ని కాలుష్యం నుంచి కాపాడతామంటూ దేశాలన్నీ కలిసి ఇన్ని ఒప్పందాలు రాసుకున్నాయి, ప్రకటనలు చేశాయి, ఏటా వారోత్సవాలు జరుపుతున్నాయి. వీటివల్ల పిల్లలకు నిజంగా ఏమైనా ఒరిగిందా, లేక అంతా కాగితాల మీదేనా? మామూలు తల్లిదండ్రులుగా మేం ఏం చేయగలం?

ఒరిగింది. కోట్లమంది పిల్లలకు ఒరిగింది. కాకపోతే అన్ని ప్రయత్నాలవల్లా కాదు. హాని చేసే పదార్థాన్ని అది పుట్టే చోటే ఆపించిన ఒప్పందాలు పనిచేశాయి. తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలని చెప్పి ఊరుకున్నవి పెద్దగా పనిచేయలేదు. నేను పిల్లల డాక్టర్ని. ఒంట్లో సీసం (లెడ్ అనే లోహం) చేరిన పిల్లలకు వైద్యం చేసే విభాగంలో చాలాకాలం పనిచేశాను. అందుకే నా జవాబులో సీసం గురించే ఎక్కువ ఉంటుంది.

సీసం ఎక్కిన పిల్లల్ని చూడగానే గుర్తుపట్టలేం. కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తక్కువగా ఉండటం, చిరాకు, చదువులో వెనకబడటం... వీటిలో ఏది తీసుకున్నా దానికి వేరే కారణాలు బోలెడు ఉంటాయి. మా దగ్గరికి వచ్చేసరికే చాలామంది పిల్లలు నులిపురుగుల మందు, ఐరన్ సిరప్ వాడేసి ఉంటారు. ఎవరో ఒకరు ఆగి ‘ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారు?’ అని అడిగితే తప్ప అసలు సంగతి బయటపడదు. నాకు బాగా గుర్తున్న ఒక పిల్లాడి తండ్రి పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోట పనిచేసేవాడు. పని బట్టలతోనే ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకునేవాడు. ఆ దుమ్ము బట్టల మీద, పక్క మీద, నేల మీద చేరేది. పిల్లాడు నేల మీద పాకేవాడు, వేళ్లు నోట్లో పెట్టుకునేవాడు. ఆ వయసు పిల్లలెవరైనా చేసేది అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు (100 మిల్లీలీటర్లకు) 5 మైక్రోగ్రాములు ఉందంటేనే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలి. 45కు చేరితే సీసాన్ని మూత్రంలోకి లాగేసే మందు ఇవ్వాలి. ఆ పిల్లాడికి 45 దాటింది. మందు ఇచ్చాం, సంఖ్య తగ్గింది, ఇంటికి పంపాం. మళ్లీ వచ్చేసరికి పెరిగిపోయింది. దీనికి రెండు కారణాలున్నాయి. ఎముకల్లో దాక్కున్న సీసం మెల్లగా మళ్లీ రక్తంలోకి దిగుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఇంట్లో దుమ్ము అలాగే ఉంది, తండ్రి పని అలాగే ఉంది. ఆ తల్లికి చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పాం. తడిగుడ్డతో తుడవండి, చేతులు కడగండి, పని బట్టలు ఇంట్లోకి రానివ్వకండి అన్నాం. ఆమె అన్నీ చేసింది. కానీ ఇంటి చుట్టూ ఉన్న మట్టిని ఆమె ఏం చేయగలదు? ఇంకో బాధ కూడా ఉంది. ఆ మందు ప్రాణం కాపాడుతుంది, కానీ మెదడుకు అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చలేదు.

పిల్లల శరీరమే వేరుగా పనిచేస్తుంది. నోట్లోకి వెళ్లిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికి నాలుగైదు రెట్లు పిల్లల ఒంటికి పడుతుంది. ఐరన్ తక్కువగా ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. బరువుతో పోల్చి చూస్తే వాళ్లు పెద్దవాళ్లకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, ఎక్కువ నీళ్లు తాగుతారు. అయినా చాలాకాలం భద్రతా ప్రమాణాలు పెద్దవాళ్ల శరీరాన్ని బట్టే తయారయ్యేవి. 1997లో జీ8 (ఎనిమిది పెద్ద పారిశ్రామిక దేశాల బృందం) పర్యావరణ మంత్రులు మయామీలో కలిసినప్పుడు, ప్రమాణాలు రాసేటప్పుడు పిల్లల్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోవాలని ఒక ప్రకటన చేశారు. ప్రకటనే కదా అని నేను తీసిపారేయను. ఆ ఆలోచన ప్రభుత్వాల భాషలోకి రావడానికి అలాంటివి కావాలి. కానీ నా వార్డులో సంఖ్యలు దిగింది మంత్రుల ప్రకటనల వల్ల అని మాత్రం చెప్పలేను.

సంఖ్యలు దించింది పెట్రోల్‌లో వచ్చిన మార్పు. ఇంజిన్ కొట్టుకోకుండా ఉండటానికి 1920ల నుంచి పెట్రోల్‌లో సీసం కలిపేవారు. 1924లోనే అమెరికాలో ఆ రసాయనం తయారీలో ఉన్న కార్మికులు మతి చెడిపోయి చనిపోయారు. అంటే ఇది విషమని మొదటి నుంచీ తెలుసు. అయినా దశాబ్దాల తరబడి ప్రతి వాహనం పొగలోనూ సీసం వచ్చింది, రోడ్డు పక్క మట్టిలో చేరింది. అమెరికాలో 1970ల చివర్లో ఐదేళ్లలోపు పిల్లల రక్తంలో సీసం సగటున 15 మైక్రోగ్రాముల దాకా ఉండేది. ఇప్పుడు ఒకటి కూడా లేదు. అక్కడి తల్లులు ఉన్నట్టుండి శుభ్రంగా తుడవడం నేర్చుకున్నందువల్ల వచ్చిన మార్పు కాదిది. పెట్రోల్ మారింది, పెయింటు మారింది, ఆహారపు డబ్బాల అతుకుల్లో సీసం పోయింది.

మిగతా ప్రపంచానికి ఈ మార్పు తెచ్చింది మాత్రం అంతర్జాతీయ ప్రయత్నమే. 2002లో జొహానెస్‌బర్గ్ సదస్సులో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఒక భాగస్వామ్యాన్ని మొదలుపెట్టింది. ప్రభుత్వాలు, చమురు కంపెనీలు, వాహన తయారీదారులు, స్వచ్ఛంద సంస్థలు అందరూ అందులో ఉన్నారు. అప్పటికి వందకు పైగా దేశాల్లో సీసం పెట్రోల్ ఇంకా అమ్ముతున్నారు. సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలన్నీ 2006 మొదలయ్యేసరికి దాన్ని ఆపేశాయి. చివరిగా అల్జీరియా 2021 జులైలో ఆపింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా కార్లకు సీసం పెట్రోల్ అమ్మరు. దీనివల్ల ఏటా 12 లక్షలకు పైగా అకాల మరణాలు తప్పుతున్నాయని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా. చిన్న విమానాల ఇంధనంలో సీసం ఇంకా ఉంది, అది వేరే పోరాటం. అయినా ‘అంతా కాగితాల మీదే’ అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. తమకు మేలు జరిగిందని తెలియకుండానే మేలు పొందిన పిల్లలు వీళ్లు.

పెయింటు కథ వింటే మాత్రం నాకు కోపం వస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు 1904లోనే, వరండా కటకటాలకు వేసిన రంగు వల్ల పిల్లలకు సీసం ఎక్కుతోందని రాశాడు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఇళ్ల లోపల వేసే రంగుల్లో తెల్లసీసం (సీసంతో చేసే తెల్ల రంగుపొడి) వాడకాన్ని అడ్డుకుంటూ ఒక ఒప్పందం చేసింది. అది రంగులు వేసే పనివాళ్ల కోసం. ఆ గోడల మధ్య పెరిగే పిల్లల గురించి ప్రపంచం మొత్తం కూర్చుని ఆలోచించడానికి దాదాపు ఇంకో 90 ఏళ్లు పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కలిసి నడుపుతున్న సీసం పెయింటు నిర్మూలన కూటమి ఇప్పుడు ఒక నమూనా చట్టాన్ని తయారుచేసి పెట్టింది. పెయింటులో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటకూడదు. సీసం కలపకుండానే రంగులు తయారుచేయొచ్చని కంపెనీలకు ఎప్పటినుంచో తెలుసు. ఇంత తేలికైన పనికి కూడా ఇప్పటికీ దాదాపు సగం దేశాల్లో గట్టి చట్టం లేదు. ఏటా అక్టోబరులో జరిగే సీసం విష నివారణ వారోత్సవం ఈ చట్టాల కోసమే. మా ఆస్పత్రిలో ఆ వారం పోస్టర్లు అంటించడం నాకు నచ్చేది. కానీ ఆ పోస్టర్లు తల్లిదండ్రులకంటే ముందు చట్టాలు చేసేవాళ్ల గదుల్లో ఉండాలని అప్పుడూ అనిపించేది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ముందు మూలాన్ని ఆపాలనే మాట ఎంత నిజమో తెలియాలంటే నైజీరియాలోని జంఫారా చూడాలి. 2010లో అక్కడి పల్లెల్లో పిల్లలు మూర్ఛలు వచ్చి చనిపోవడం మొదలైంది. బంగారం కోసం ఇళ్ల దగ్గరే రాయి పొడి చేసేవారు, ఆ రాయిలో సీసం ఎక్కువగా ఉంది. 400 మందికి పైగా పిల్లలు పోయారు. అక్కడ వైద్యం చేసిన ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ ఒక కఠినమైన నియమం పెట్టుకుంది: ఇంటి ఆవరణలో మట్టి తీసి శుభ్రం చేశాకే ఆ ఇంటి పిల్లలకు మందు. బయటినుంచి చూసేవాళ్లకు ఇది జాలి లేని నియమంలా ఉంటుంది. మందు ఇచ్చి అదే మట్టిలోకి తిరిగి పంపిన డాక్టర్లకు మాత్రం అది ఎందుకో అర్థమవుతుంది.

పాదరసం విషయంలో ఒప్పందం మంచిదే, కానీ ఎంత ఆలస్యం! జపాన్‌లోని మినమాటాలో ఒక రసాయన ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి వెళ్లింది. 1956లో ఆ జబ్బును అధికారికంగా గుర్తించారు. తల్లులు పైకి ఆరోగ్యంగానే కనిపించినా వాళ్లకు పుట్టిన పిల్లలు తీవ్రమైన మెదడు దెబ్బతో పుట్టారు. గర్భంలోని మాయ బిడ్డను విషాల నుంచి కాపాడుతుందని డాక్టర్లు అప్పటిదాకా నమ్మేవారు. ఆ ఇళ్లలో దాచుకున్న ఎండిన బొడ్డుతాళ్లను తర్వాత పరీక్షిస్తే వాటిలోనూ పాదరసం దొరికింది. మినమాటా పేరుతో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది మాత్రం 2013లో, అమల్లోకి వచ్చింది 2017లో. మా వార్డులో పగిలిన థర్మామీటరు పాదరసాన్ని నేల మీద నుంచి ఏరడం నాకు తెలుసు. ఇప్పటి జూనియర్ డాక్టర్లలో చాలామంది గాజు థర్మామీటరు వాడనే లేదు. ఆ ఒప్పందం వల్లే పాదరసం థర్మామీటర్ల తయారీకి 2020 గడువు వచ్చింది. పదిహేనేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పుచ్చిన పళ్లలో నింపే పాదరసం ఫిల్లింగ్ వాడకాన్ని వదిలేయాలని 2022లో సభ్యదేశాలు ఒప్పుకున్నాయి.

ఇంకా గెలవని చోటు బ్యాటరీలు, పాత ఎలక్ట్రానిక్ సామాన్లు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే సుమారు 80 కోట్ల మందికి, రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఉందని యూనిసెఫ్, కాలుష్య నివారణకు పనిచేసే ప్యూర్ ఎర్త్ సంస్థ 2020లో లెక్కగట్టాయి. సీసం పెట్రోల్ అప్పటికే దాదాపు అన్ని దేశాల్లోనూ పోయింది, అయినా ఈ లెక్క. సీసం ఇప్పుడు ఎక్కువగా వెళ్లేది బ్యాటరీల్లోకి. వాటిని సరైన ఏర్పాట్లు లేకుండా ఇళ్ల మధ్య కరిగిస్తే నేను చెప్పిన ఆ బ్యాటరీ పనివాడి పిల్లాడికి జరిగిందే జరుగుతుంది. సెనెగల్ రాజధాని డకార్ శివార్లలోని తియరోయ్‌లో 2007, 2008 ప్రాంతంలో ఇలాగే 18 మంది పిల్లలు చనిపోయారు. విషపూరిత వ్యర్థాలను దేశం దాటించడంపై 1989 నాటి బాసెల్ ఒప్పందం ఉంది, 2025 జనవరి నుంచి ఎలక్ట్రానిక్ వ్యర్థాలు ఏవైనా సరే, తీసుకునే దేశం ముందే ఒప్పుకుంటేనే పంపాలి. మంచి నియమం. కానీ దేశం లోపలే పుట్టే పాత బ్యాటరీని అది ఆపలేదు. పైగా అది కొందరికి కూడు. ఆ పనిని నిషేధిస్తే చాలదు, పాత బ్యాటరీ తిరిగి కంపెనీకే చేరే పద్ధతి, ఆ పనివాళ్లకు వేరే బతుకుదారి ఉండాలి. ఈ రెండోదాన్ని పట్టించుకున్న ఒప్పందం నాకు ఇంతవరకు కనబడలేదు.

గాలి గురించి ఒక్క మాట. పదిహేనేళ్లలోపు పిల్లల్లో 93 శాతం మంది ప్రమాణాలకు మించి కలుషితమైన గాలి పీలుస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఆ ప్రమాణాన్ని 2021లో ఇంకా కఠినం చేసింది, కానీ అది సలహా మాత్రమే. సీసానికి, పాదరసానికి దొరికినట్టు గాలికి ఇంకా గట్టి పట్టు దొరకలేదు. లండన్‌లో ఆస్తమాతో 2013లో చనిపోయిన తొమ్మిదేళ్ల ఎల్లా అనే అమ్మాయి మరణానికి కారణాల్లో వాయు కాలుష్యం ఒకటని 2020లో అధికారికంగా రాయించడానికి ఆమె తల్లి ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది.

ఇక మీరు ఏం చేయగలరన్న ప్రశ్న. చేతులు కడిగించడం, తడిగుడ్డతో తుడవడం, ఐరన్ తగ్గకుండా చూసుకోవడం తప్పకుండా చేయండి. వాటితో ఆగకండి. మీ దేశంలో పెయింటుకు 90 భాగాల పరిమితి ఉన్న చట్టం ఉందా, బడికి రంగులు వేసేటప్పుడు ఆ హామీ రాతపూర్వకంగా అడిగారా, పిల్లలకు సీసం పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో దొరుకుతుందా అని అడగండి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 24వ అధికరణంలో కాలుష్యం ప్రమాదాల ప్రస్తావన 1989 నుంచే ఉంది. 2023లో ఆ ఒప్పందపు కమిటీ, ఆరోగ్యకరమైన పర్యావరణం పిల్లల హక్కు అని వివరంగా రాసి ఇచ్చింది. అర్జీ పెట్టేటప్పుడు ఆ పేర్లు రాయండి, అధికారులు మరోసారి చదువుతారు. ఇది నేను చూసి చెబుతున్న మాట.

పిల్లల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు ఇంట్లోవాళ్లు చేసే పని, ఇంటి వయసు, ఈమధ్య గోడలు గీకించి ఉంటే ఆ సంగతి, చుట్టుపక్కల కరిగించే పనులు... ఇవన్నీ అడక్కపోయినా మీరే చెప్పండి. అనుమానం ఉంటే సీసం పరీక్ష అడగండి. వేలి చివర గుచ్చి తీసిన రక్తంలో సంఖ్య ఎక్కువ వస్తే వెంటనే టెన్షన్ పడకండి. చర్మం మీది దుమ్ము కలిసి కూడా అలా రావొచ్చు. నరం నుంచి తీసిన రక్తంతో మళ్లీ చూడాలి. అప్పుడూ 5 లేదా అంతకంటే ఎక్కువ వస్తే, మందు అవసరమా అన్న ప్రశ్నతో పాటు అది ఎక్కడి నుంచి వస్తోందో వెతికేది ఎవరని కూడా అడగండి.