సమాధానం: అమ్మ పేరున హాఫ్ మారథాన్, విరాళాలు ఎవరి ఖాతాలోకి?

అమ్మగారిని చివరి రోజుల్లో చూసుకున్న హాస్పిస్ కోసం హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరుగెత్తుతానన్నారు. చుట్టాలు మీ ఫోన్‌పేకే డబ్బు పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా అని అడిగారు. వద్దండీ. మీ ఖాతా నుంచి మొత్తం ఒకేసారి కడితే రసీదు మీ పేరునే వస్తుంది. మీ బాబాయికీ, ఆఫీసువాళ్లకీ విరాళంపై ఆదాయపు పన్నులో వచ్చే మినహాయింపు (80జి) దక్కదు.

హాస్పిస్ ట్రస్టు క్యూఆర్ కోడ్ అడిగి తీసుకుని అదే అందరికీ పంపండి. రిమార్క్స్‌లో అమ్మగారి పేరు రాయమనండి, ఎంత వచ్చిందో వాళ్ల అకౌంటెంటే లెక్క తీసి చెబుతారు. రసీదు కోసం ఎవరి పాన్, చిరునామా వాళ్లు నేరుగా సంస్థకే ఇవ్వాలి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పాన్‌లు పెట్టించకండి బాబూ! నగదు 2,000 రూపాయలు దాటితే మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ రాదు, అది ముందే చెప్పేయండి.

అమెరికాలో ఉన్న మీ తమ్ముడి సంగతి కాస్త చిక్కు. భారత పాస్‌పోర్టే ఉంటే తన ఎన్ఆర్ఓ ఖాతా (విదేశాల్లో ఉండే భారతీయులకు ఇక్కడి బ్యాంకులిచ్చే రూపాయల ఖాతా) నుంచి మామూలుగా పంపొచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకునుంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా అది విదేశీ విరాళమే. సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని వాళ్ల ఖాతాకే వెళ్లాలి.

మెసేజ్‌లో ఊరికే "సాయం చేయండి" అంటే ఎవరూ కదలరు. 21.1 కిలోమీటర్లు కదా, "కిలోమీటరుకు 100 చొప్పున 2,110" అని అడిగి చూడండి. రేసు రిజిస్ట్రేషన్ ఫీజు మాత్రం మీ జేబులోంచే కట్టుకోండి.