అమ్మకి 47, రాత్రిళ్లు చెమటలు, పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి... ఇది మెనోపాజేనా?

ఎక్కువగా దానికి ముందు దశే అయ్యుంటుందండి, మన దేశంలో సగటున 46–47 ఏళ్లకే పీరియడ్స్ ఆగిపోతాయి, దానికి కొన్నేళ్ల ముందు నుంచే డేట్లు అటూఇటూ అవ్వడం, ఉన్నట్టుండి ముఖం మెడ వేడెక్కి చెమటలు పట్టడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, ఇవన్నీ మొదలవుతాయి, ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తగ్గడం వల్ల. వరసగా 12 నెలలు రాకపోతేనే మెనోపాజ్ అంటారు. కాటన్ బట్టలు, సాయంత్రం కాఫీ మానేయడం, రోజూ నడక, ఎముకల కోసం రాగి జావ, పాలు, ఇవి సాయపడతాయి. థైరాయిడ్ టెస్ట్ కూడా చేయించండి, కొన్ని లక్షణాలు ఒకేలా ఉంటాయి. పూర్తిగా ఆగిపోయాక చిన్న మరక కనిపించినా వెంటనే గైనకాలజిస్ట్‌కి చూపించాలి. ఇంకోటి, మన రెండు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించేయడం మరీ ఎక్కువ, ఎవరైనా ఆ మాటంటే ఇంకో డాక్టర్‌ని అడక్కుండా ఒప్పుకోకండి ప్లీజ్.