ఫుల్ హ్యాండ్స్ చొక్కాల మీద స్క్రీన్ ప్రింటింగ్ మొదలెడుతున్న మా బుజ్జికి

బుజ్జీ,

విజయనగరంలో గంటస్తంభం దగ్గర గది తీసుకున్నావనీ, వచ్చిన మొదటి ఆర్డరే నల్ల కాటన్ ఫుల్ హ్యాండ్స్ టీషర్టులు యాభై అనీ మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం తల్లీ. హాఫ్ హ్యాండ్స్ మీద నీ చెయ్యి బాగానే తిరిగింది కాబట్టి ఫ్రేముకి జల్లి గుడ్డ బిగించడం, రంగు లాగే రబ్బరు స్క్వీజీ పట్టడం నేను చెప్పక్కర్లేదు. కానీ పొడుగు చేతుల చొక్కా పని వేరు. ఎదురు బొమ్మా, వీపు బొమ్మా నీకు ఎలాగూ వచ్చు. ఆ రెండు చేతులే నీ టైమంతా తినేస్తాయి, సరుకు పాడయ్యేది కూడా ఎక్కువగా అక్కడే. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకని ఇక్కడ శ్రీకాకుళంలో కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను.

చెయ్యి మీద డిజైన్ ఎక్కడ పడాలన్నది బల్ల మీద చొక్కా పరిచి ఎప్పుడూ నిర్ణయించకు. మీ తమ్ముడికి ఒకటి తొడిగి, చేతులు మామూలుగా వదిలేసి నిలబడమని, పక్కనుంచి చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టు. ఎందుకంటే చొక్కా మడతపెట్టి వచ్చినప్పుడు చెయ్యి బల్లపరుపుగా ఉంటుంది, ఒక అంచున చంక దగ్గరనుంచి కిందికి దిగే కుట్టు, రెండో అంచున మడత. మనిషి తొడుక్కున్నాక చేతికి సరిగ్గా బయటివైపు వచ్చేది ఆ మడత ఉన్న చోటు. కొత్తవాళ్లు అది చూసుకోకుండా ఉన్నది ఉన్నట్టుగా, చెయ్యి తొడిగే చెక్క బోర్డుకి ఎక్కించి వేసేస్తారు, తీరా వేసుకుంటే అక్షరాలు పొట్టవైపో వీపువైపో తిరిగి ఉంటాయి, సగం మాత్రమే కనిపిస్తాయి. అందుకని ఇస్త్రీ పెట్టెతో ఆ మడతని గట్టిగా నొక్కి గీత తేలేలా చెయ్యి. ఆ బోర్డు నడిమధ్యన పొడుగునా ఒక గీత గీసుకో. మడత గీత ఆ గీత మీద కూర్చోవాలి, కుట్టు బోర్డు అడుగున సరిగ్గా నడిమికి పోవాలి. యాభై చొక్కాలకీ వంద చేతులు, వందకీ ఇదే పద్ధతి, కంటి అంచనాతో ఒక్కటీ వద్దు.

బోర్డు కొనక్కర్లేదు, మీ వీధిలో వడ్రంగి చేసి పెడతాడు. నాలుగు అంగుళాల వెడల్పు చాలు, మణికట్టు వైపుకి కొంచెం సన్నం చేయించు, అంచులు గుండ్రంగా గీకించి పైన సన్‌మైకా అంటించు, లేకపోతే బట్ట పోగులు పట్టుకుంటాయి. పిల్లల సైజులు వస్తే మూడు అంగుళాలది ఇంకొకటి ఉండాలి. చొక్కా ఎక్కించేటప్పుడు కింది అంచు నుంచి లోపలికి పోనిచ్చి భుజం మీదుగా చెయ్యి తొడుగు. కఫ్ అనే మణికట్టు పట్టీ వైపు నుంచి దూర్చి లాగితే ఆ రిబ్ అల్లిక సాగిపోయి మణికట్టు దగ్గర వదులైపోతుంది, ఆ చొక్కా ఇక కొత్తదిలా ఉండదు. బట్టని సాగదీసి అంటించడం కూడా తప్పే. సాగినప్పుడు పడిన రంగు బోర్డు మీద చక్కగానే ఉంటుంది, తీశాక బట్ట వెనక్కి లాక్కుని అక్షరాలు ముడుచుకుంటాయి. బోర్డు మీద గమ్ పల్చగా రాసి, అరచేత్తో నిమిరితే అతుక్కోవాలి, అంతే. పల్చటి బట్టయితే రంగు కారి అడుగుపొరకి అంటకుండా చెయ్యి లోపల ఒక అట్టముక్కో పాత ఎక్స్‌రే ఫిల్మో పెట్టు.

డిజైన్ వెడల్పు రెండున్నర అంగుళాలు దాటనివ్వకు. ఒకే ఫ్రేముతో ఎస్ నుంచి డబుల్ ఎక్స్ఎల్ దాకా వెయ్యాలి కదా, కొలత ఎప్పుడూ ఆ ఆర్డరులో ఉన్న అన్నిటికన్నా చిన్న చొక్కా మీద తీసుకో. కఫ్‌కి పైన కనీసం రెండు అంగుళాలు ఖాళీ వదులు. కఫ్ కుట్టు మందంగా ఉంటుంది, దాని పక్కకి వస్తే ఫ్రేము లేచి రంగు అక్కడ ముద్దగా దిగుతుంది. పైగా పనిలో ఉన్నవాళ్లు చేతులు పైకి మడుచుకుంటారు, మడతలో పడిన బొమ్మ ఎవరికీ కనిపించదు, త్వరగా పగిలిపోతుంది కూడా. మోచెయ్యి దగ్గర నిండు రంగు పట్టీలు వద్దని కస్టమరుకి ముందే చెప్పు. రోజంతా వంగే చోటది. అక్కడ విడివిడి అక్షరాలో సన్న గీతలో ఉంటే బట్టతోపాటు వంగుతాయి, దట్టమైన దిమ్మ అయితే బిరుసుగా గుచ్చుకుంటుంది.

అక్షరాలు భుజం నుంచి మణికట్టుకి దిగాలా, కిందినుంచి పైకి ఎక్కాలా అన్నది అడగకుండా, ఫ్రేము మీదికి డిజైన్ దింపే ఫిల్మ్ తీయించకు. రెండు చేతుల మీదా భుజం నుంచి కిందికే రాస్తే, కుడిచేతి మీద తలకట్లు మనిషి ముందువైపుకి, ఎడమచేతి మీద వెనకవైపుకి తిరుగుతాయి. చాలామందికి అది అభ్యంతరం కాదు గానీ డబ్బిచ్చేవాళ్లకి వేసిన తర్వాత తెలియకూడదు. బొమ్మలైతే ఇంకా జాగ్రత్త. పరుగెత్తే గుర్రం కుడిచేతి మీద ముందుకి పోతుంటే, అదే ఫ్రేముతో వేసిన ఎడమచేతి గుర్రం వెనక్కి పోతుంది. దానికి తిరగేసిన ఫిల్మ్ తీయించి రెండో ఫ్రేము చెయ్యాలి, ఆ ఖర్చు రేటులో కలుపు. అమ్మవారి బొమ్మో దేవుడి పేరో చేతి కింది భాగంలో వేయమని అడిగితే మాత్రం ఎదురు మీద వేస్తానని చెప్పు. చెమట తుడుచుకునేదీ, అన్నం తింటే పులుసు అంటేదీ ఆ చేతికే. మెత్తగా చెబితే ఎవరూ కాదనరు.

తెలుగు అక్షరాల సంగతి ఒకటుంది. ఇంగ్లీషు అక్షరాలు పెద్ద జల్లి గుడ్డ మీద కూడా తేలతాయి, మన ఒత్తులూ గుండ్రాలూ తేలవు, లోపలి ఖాళీలు రంగుతో పూడిపోయి చదవడానికి రావు. ఎదురు మీద పెద్ద బొమ్మకి సెంటీమీటరుకి 43 పోగుల గుడ్డ సరిపోతుంది. చేతిమీది సన్న అక్షరాలకి 61 గానీ 77 గానీ పెట్టు. నల్లబట్ట మీద తెలుపు నిండుగా దిగాలంటే 77లో కష్టం, కాబట్టి నీ ఆర్డరుకి 61 పెట్టి అక్షరాల సైజు పెంచమని అడగడం మంచిది. డీటీపీ షాపు నుంచి అను అనే తెలుగు ఫాంట్లతో ఫైల్ వస్తే, అక్కడే అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే బొమ్మ గీతలుగా, మార్చి ఇమ్మను. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు చెదిరిపోయి ఇంకేదో వస్తుంది. ఫిల్మ్ తీసేముందు కాగితం మీద ప్రింటు తీసి ఆర్డరు ఇచ్చినవాళ్లచేత సంతకం పెట్టించు. ఊరిపేరులో ఒక దీర్ఘం పోయిన చొక్కా ఎవరూ తీసుకోరు.

ఏది ముందు వెయ్యాలని అడిగావట. నా పద్ధతి చేతులు ముందు, తర్వాత వీపు, ఆఖరున ఎదురు. పాడైతే మొదటి దశలోనే పాడవుతుంది, మూడు రంగుల ఎదురు బొమ్మ వేసిన చొక్కాని చేతి దగ్గర పోగొట్టుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఎదురు వేసేటప్పుడు రెండు చేతులూ వీపు వెనక్కి మడిచి బట్టల క్లిప్పు పెట్టు. వేలాడనిస్తే బల్ల కింద రంగు మరకల్లో తుడుచుకుంటాయి, చొక్కా తీస్తున్నప్పుడు తడి బొమ్మ మీదికి వచ్చి పడతాయి. తీసేటప్పుడు ఇద్దరు ఉండాలి, ఒకరు మెడ దగ్గర, ఒకరు కింది అంచు దగ్గర. ఒక్కదానివే చెయ్యగలననుకోకు, రంగు చేతులతో ఇంకో చొక్కా పట్టుకోవలసి వస్తుంది.

ఇక వేడి. నీ పేరు నిలబడేదీ పోయేదీ దీని దగ్గరే, ఇందులో తొందర వద్దే వద్దు. ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ రంగు గాలికి ఆరదు. నెలరోజులు ఉంచినా పచ్చిగానే ఉంటుంది, రంగుపొర మొత్తం అడుగుదాకా దాదాపు 160 డిగ్రీలకి చేరితేనే గట్టిపడుతుంది. వేడిచేసే మిషను మీద 160 కనిపించినంత మాత్రాన రంగు 160కి చేరినట్టు కాదు. గన్‌లా పట్టుకునే థర్మామీటరు కూడా పైపొర వేడినే చూపిస్తుంది. చేతిమీది పల్చటి అక్షరాలు త్వరగా ఉడుకుతాయి, ఎదురు మీద తెలుపు బేసు (అడుగుపొర) మీద ఎరుపు, దానిమీద పసుపు వేసిన మందమైన చోట ఇంకా సమయం కావాలి. చల్లారాక బట్టని రెండు వేళ్లతో సాగదీసి చూడు. రంగు పగుళ్లిస్తే ఉడకలేదన్నమాట, మళ్లీ వేడి కింద పెట్టు. వాటర్ బేస్ రంగైతే ముందు నీరంతా ఆవిరైపోవాలి, ఆ తర్వాతే రంగుని బట్టకి అంటించే బైండర్ పట్టుకుంటుంది. 150 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు కావాలి. తడి ఆరకుండా హీట్ ప్రెస్ దించితే ఆవిరి లోపలే చిక్కుకుంటుంది, రంగు కూడా పైన పరిచిన పేపరుకి అంటుకుపోతుంది. ఫిక్సర్ కలిపితే తక్కువ వేడితో పని నడుస్తుంది గానీ, కలిపిన రంగు మర్నాటికి ఉంచకు, ఎంత కావాలో అంతే కలుపు.

మన ప్రాంతంలో దీనికి తోడు గాలిలో తేమ. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, ఆ ముందు వారాల్లోనే నీకు ఆర్డర్లు ముంచెత్తుతాయి, సరిగ్గా తుఫాన్ల రోజులు కూడా అవే. అక్టోబరులోనే 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చాయి, కరెంటు రోజులతరబడి లేదు. ఆ నెల ఆర్డరుకి చివరి రోజు దాకా గడువు పెట్టుకోకు, నాలుగు రోజులు ముందే ముగించేలా ఒప్పుకో. వానాకాలంలో ఫ్రేము గుడ్డకి పూసే ఎమల్షన్ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. అలాంటి ఫ్రేముకి లైటు చూపిస్తే కడిగేటప్పుడు ముక్కలుగా ఊడుతుంది. చీకటి గదిలో ఫ్యాను పెట్టి రాత్రంతా వదిలెయ్యి. కాటన్ చొక్కా కూడా తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి, వేసేముందు ఒకసారి వేడి ప్రెస్ దించి తడి లాగేస్తే రంగు వేడెక్కే సమయం తగ్గుతుంది. ఎమల్షన్ లైటుకి గట్టిపడేలా అందులో కలపడానికి పాత షాపుల్లో అమ్మే బైక్రోమేట్ జోలికి పోకు. అది క్యాన్సర్ తెచ్చే సరుకు, చర్మానికీ ఊపిరితిత్తులకీ ముప్పు, కాలవలో కలిస్తే ఇంకా పాపం. దాని బదులు డయాజో కలిపే రకమో, కలిపి సిద్ధంగా వచ్చేదో కొను, నాలుగు రూపాయలు ఎక్కువైనా సరే.

రేటు చెప్పేటప్పుడు చొక్కా లెక్క కాదు, ఫ్రేము ఎన్నిసార్లు దించాలన్న లెక్క చూసుకో. నీ ఆర్డరే తీసుకో: ఎదురు మీద తెలుపు బేసుతో కలిపి మూడు, వీపు మీద ఒకటి, చేతులకి రెండు. చొక్కాకి ఆరు, యాభైకి మూడు వందలు. హాఫ్ హ్యాండ్స్ రేటుకి ఇరవై రూపాయలు కలిపి చెబుతానంటే నీ కష్టం పోతుంది తల్లీ. చొక్కాలు వాళ్లే తెస్తే, అదనంగా రెండు తెమ్మను. మొదటిదాని మీద నాలుగు చోట్లా వేసి, ఇంట్లో వాషింగ్ మెషిన్లో ఐదారుసార్లు ఉతికి, ఆ తర్వాతే మిగతావి ముట్టుకో. ఉతికిన చొక్కా షాపులో తగిలించు, కొత్తదాని పక్కన. ఎన్ని మాటలు చెప్పినా అదిచ్చే నమ్మకం ఇవ్వవు.

సంక్రాంతి క్రికెట్ పోటీలకి ఎర్ర డ్రై ఫిట్ ఫుల్ హ్యాండ్స్, మీద తెల్ల అక్షరాలు కావాలని ఎవరో అడుగుతున్నారనీ, అడ్వాన్స్ తీసుకోమంటావా అనీ మీ నాన్నచేత అడిగించావు. ఇంకా తీసుకోకు. అది పాలిస్టర్. వేడి తగిలితే ఆ బట్టలోని ఎర్రరంగు ఆవిరై పైకి ఎక్కి తెలుపులో కలుస్తుంది. వేసిన రోజు పాలలా ఉంటుంది, రెండు మూడు రోజులకి గులాబీ రంగుకి తిరుగుతుంది, అప్పటికి సరుకు వాళ్ల ఊరు చేరిపోయి ఉంటుంది. దానికి 130 డిగ్రీల దగ్గరే గట్టిపడే ప్లాస్టిసాల్ కావాలి, దానికింద రంగుని ఆపే బూడిదరంగు బేసు ఒకటి వెయ్యాలి. అంటే మళ్లీ ఒక ఫ్రేము పెరిగింది. వాళ్లు కొనబోయే చొక్కానే ఒకటి తెప్పించి, ఎదురు మీద ఒక ముక్క, చేతి మీద ఒక ముక్క వేసి, వారంరోజులు వెచ్చటి చోట పెట్టి, పక్కన తెల్లకాగితం పెట్టి పగటి వెలుతురులో ఫొటో తీసి నాకు పంపు. అది చూశాక అడ్వాన్స్ సంగతి చెబుతాను.

మీ పెదనాన్న