చదువుకు స్పాన్సర్‌షిప్ కోసం పర్సనల్ స్టేట్‌మెంట్ (మన గురించి మనం రాసిచ్చే కాగితం) బాగా రాయాలంటే ఏం చేయాలి?

ముందు నెట్ సెంటర్‌లో రాయించుకోవడం మానేయండి. సగం పని అయిపోయినట్టే.

నేనూ అక్కడే రాయించుకున్నాను లెండి. మాది కోరుట్ల దగ్గర పల్లె, అమ్మ బీడీలు చేస్తుంది. ఇంటర్ ఎంఈసీ అయ్యాక బీకాం ఫీజు కోసం హైదరాబాద్‌లో ఒక ట్రస్టుకు అప్లై చేశాను. నెట్ సెంటర్ అన్న దగ్గర ఫైలు రెడీగా ఉంది. పేరు, ఊరు మార్చి ప్రింటు తీసి యాభై రూపాయలు తీసుకున్నాడు. పేజీ నిండా పేదరికమే, అదీ ఇంగ్లిష్‌లో.

ఇంటర్వ్యూలో ఒక మేడం మొదటి లైను చూసి కాగితం బోర్లించారు. "పొద్దుట్నుంచి ఇది మూడోసారి చదవడం. వెనకాల ఖాళీ ఉంది, మీ ఇంటి గురించి తెలుగులో నువ్వే రాయి" అన్నారు. చెమటలు పట్టాయి. ఏం రాయాలో తోచక ఆకు లెక్క రాశాను. వెయ్యి బీడీలకని కార్ఖానాలో ఇచ్చే తునికాకు వెయ్యికి సరిపోదు. తక్కువ పడ్డ ఆకు అమ్మ సొంత డబ్బుతో కొనేది. తొమ్మిదో తరగతి నుంచి ఆ ఖర్చు నోటుబుక్కులో రాసి, నెలాఖరుకు కూలీలోంచి తీసేసి, చేతికి నిజంగా ఎంత మిగిలిందో చూసేవాణ్ణి.

మేడం అది చదివి, "మీ అమ్మకు చూపించావా?" అన్నారు. చూపించాను. "గా లెక్క ఎవలకు చెప్పకు బిడ్డా, రేపటి సంది ఆకియ్యరు" అంది అమ్మ. అదే చెప్పాను. మూడేళ్ల ఫీజు వచ్చింది. కామర్స్ ఎందుకని వాళ్లు అడగనే లేదు, ఆ లెక్కలోనే జవాబు ఉంది కదా.

అసలు తప్పు మనది కాదనిపిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కులం, ఆదాయం సర్టిఫికెట్లు పెడితే చాలు, నీ గురించి చెప్పమని అడిగేవాళ్లు లేరు. స్కూల్లో వ్యాసాలు కూడా గైడ్ చూసి బట్టీ పట్టినవే. ఇప్పుడు నెట్ సెంటర్ అన్న బదులు చాట్‌జీపీటీ వచ్చింది, అంతే తేడా. ఊళ్లో పిల్లలు పంపే డ్రాఫ్టులు చూస్తుంటాను, అందరికీ చిన్నప్పటి నుంచీ చదువంటే ప్యాషనే!

విదేశీ స్కాలర్‌షిప్‌లకూ ఇదే వర్తిస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ స్కాలర్‌షిప్ తీసుకుంటే చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. మా ఫ్రెండ్ ఒకడు బ్రిటన్ యూనివర్సిటీల గొప్పతనం అంతా రాశాడు, తిరిగొచ్చి ఏం చేస్తాడో ఒక్క ముక్క రాయలేదు. రాలేదు. అందుకే స్కాలర్‌షిప్ రాలేదని నేను పందెం కాస్తాను.

మార్కుల మెమోలో ఉన్నవి మళ్లీ రాయకండి. తప్పులు దిద్దడానికి మీ సార్‌కు ఒకసారి చూపించండి. ఆయన మధ్యలో 'ఉజ్వల భవిష్యత్తు' అని కలిపితే మాత్రం ఇంటికొచ్చి ఆ మాట కొట్టేయండి.